పెట్టె పదిమందిదీ, తాళంచెవి ఇంటివారిదీ

తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలను ఆయన వంశీయులు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయంలోని ఒక చిన్న రాతి అరలో భద్రపరిచారు. రాగికి చెదలు పట్టదు. అది తాటాకువలె తేలికగా కాలిపోదు. భద్రత విషయంలో ఆ ఏర్పాటుకు వంక పెట్టడానికి లేదు. అయినా ఆ రేకులు కొన్ని శతాబ్దాలపాటు లోకానికి దూరమై, ఇరవయ్యో శతాబ్దంలో గాని పూర్తిగా వెలుగులోకి రాలేదు. అన్నమయ్య 32,000 సంకీర్తనలు రచించినట్లు సంప్రదాయం చెబుతుండగా, దొరికినవి అందులో సగంకూడా లేవు. వస్తువు భద్రంగానే ఉన్నది. అది ఎక్కడ ఉన్నదో తెలిసినవారు మాత్రం లేకుండా పోయారు.

ఇందుకు భిన్నమైన మార్గం చార్లెస్ ఫిలిప్ బ్రౌను తొక్కినది. ఆయన 1820లలో కడపలో సొంత డబ్బుతో పండితులను నియమించి, ఒకే గ్రంథానికి దొరికినన్ని తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, వాటిని సరిచూపించి, కొత్త ప్రతులు రాయించాడు. ఒక ప్రతిని చెదలు తిన్నా మరొక ప్రతి మిగిలింది. ఒకదానిలోని తప్పును మరొకటి పట్టి ఇచ్చింది. తెలుగు సాహిత్యంలో ఎన్నో గ్రంథాలు ఈనాడు నిలిచి ఉండటానికి ఆ శ్రమ ఒక ముఖ్య కారణం.

మొదటిది దాచే విద్య. రెండవది నిలిపే విద్య. ఈ రెండింటికీ పొత్తు కుదరదని చాలాకాలం అనుకొన్నారు. దాచాలంటే ఒకేచోట ఉంచాలి, నిలపాలంటే పలుచోట్ల పంచాలి. కంప్యూటర్ శాస్త్రం గత అర్ధ శతాబ్దంలో సాధించిన విశేషాలలో ఒకటి ఈ రెండు విద్యలనూ ఒకే గూటికి చేర్చడం. గుప్తీకరించి, ముక్కలు చేసి, పలువురి యంత్రాలలో పంచి ఉంచిన దస్త్రాల అమరికను నేడు ఒక సామాన్య వెబ్ బ్రౌజర్‌లోనే నడపవచ్చు. ప్రవాసంలో ఉన్న తెలుగు సంఘాలకు ఈ విద్య ఎంతో అవసరం. అయితే యంత్రాన్ని తెచ్చుకొన్నంతనే పని పూర్తి కాదు. తాళంచెవులు ఎవరి చేతిలో ఉండాలన్నది సంఘాలే తేల్చుకోవలసిన విషయం.

కాల్గరీ చెప్పిన పాఠాలు

ఈ అవసరాన్ని తెలుసుకోవడానికి కాల్గరీ తెలుగువారు దూరం పోనక్కరలేదు. 2012 జూలై 11న నగరం నడిబొడ్డున ఉన్న షా కమ్యూనికేషన్స్ ప్రధాన కార్యాలయ భవనంలో విద్యుత్ పరికరాల గదిలో పేలుడు జరిగి మంటలు లేచాయి. వాటిని ఆర్పడానికి కప్పు నుండి కురిసిన నీరు ప్రత్యామ్నాయ విద్యుత్ ఏర్పాటును కూడా దెబ్బతీసింది. ఆ భవనంలో ఉన్నవి ఆ సంస్థ ఫోన్లూ ఇంటర్నెట్టూ మాత్రమే కావు. ప్రావిన్స్ ఆరోగ్య సేవలూ, ప్రభుత్వ రిజిస్ట్రీలూ ఆధారపడిన కంప్యూటర్లు సైతం అక్కడే ఉన్నాయి. ఆసుపత్రులు కొన్ని శస్త్రచికిత్సలను వాయిదా వేసుకొన్నాయి. కొందరికి 911 అత్యవసర ఫోను అందలేదు. వాహనాల రిజిస్ట్రేషన్ వంటి పనులు ఆగిపోయాయి. ఒక భవనంలో ఒక గది చెడితే ప్రావిన్స్ అంతటా పనులు నిలిచిపోయాయి.

మరుసటి సంవత్సరం, 2013 జూన్‌లో, బో, ఎల్బో నదులు పొంగి 75,000 మందికి పైగా ఇళ్లు విడిచి పోవలసి వచ్చింది. నేలమాళిగలలో భద్రమనుకొన్న పెళ్లి ఫొటోలూ, ఉత్తరాలూ, కంప్యూటర్లూ ఎన్నో ఇళ్లలో బురదపాలయ్యాయి.

మూడవ పాఠం వేరు విధమైనది. 2016 మే నెలాఖరులో కాల్గరీ విశ్వవిద్యాలయం కంప్యూటర్లలోకి చొరబడినవారు అక్కడి సమాచారాన్ని ఎత్తుకుపోలేదు. ఉన్నచోటనే దానికి తాళం వేశారు. తాళంచెవి కొరకు విశ్వవిద్యాలయం 20,000 కెనడియన్ డాలర్లు చెల్లించింది. ఎన్‌క్రిప్షన్ అనే గుప్తీకరణ తనంత తాను మంచిదీ కాదు, చెడ్డదీ కాదు, అదొక తాళం. తాళంచెవి ఇంటివారి చేతిలో ఉంటే అది రక్షణ, దొంగ చేతిలో ఉంటే అది చెర. నిప్పుకూ నీటికీ చెక్కు చెదరని సమాచారం కూడా తాళంచెవి పరాధీనమైతే లేనట్లే.

ఇవి గడచిపోయిన సంగతులు అనుకోవడానికి వీలులేదు. 2024 అక్టోబరులో కాల్గరీ పబ్లిక్ లైబ్రరీ కంప్యూటర్లపై దాడి జరిగి, శాఖలన్నింటినీ కొన్ని రోజులు మూసివేయవలసి వచ్చింది. తిరిగి తెరిచిన తరువాత కూడా కంప్యూటర్ సేవలు కొంతకాలం అందలేదు. అదే నెలలో ప్రపంచ గ్రంథ భాండాగారమని పేరుపొందిన ఇంటర్నెట్ ఆర్కైవ్ కూడా దాడికి గురై కొన్ని రోజులు మూగబోయింది; 3 కోట్లకు పైగా వాడకందారుల వివరాలు బయటికి పొక్కాయి.

తెలుగువారికి ఈ ఆర్కైవ్‌తో ప్రత్యేక బంధం ఉన్నది. చిత్తూరు జిల్లాలో పుట్టి 1994లో ట్యూరింగ్ పురస్కారం పొందిన రాజ్ రెడ్డి ప్రేరణతో సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పాత తెలుగు పుస్తకాలను వేలకొలదిగా బొమ్మలు తీసి ఉంచింది. ఆ లైబ్రరీ సొంత వెబ్‌సైటు 2017 ప్రాంతంలో అందకుండా పోయినా, ఆ పుస్తకాల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరి ఉండటం వలన పాఠకులకు మిగిలాయి. రెండవ ప్రతి ఉన్నందువలన గ్రంథాలు బతికాయి. రెండవ ప్రతి లేని చోట ఏమయిందో యాహూ గ్రూపుల చరిత్ర చెబుతుంది. ‘రచ్చబండ’ వంటి తెలుగు చర్చావేదికలు నడచినది ఆ అరుగు మీదనే. 2019 చివర ఆ సంస్థ పాత సమాచారాన్ని తొలగించి, 2020 డిసెంబరులో అరుగునే ఎత్తివేసింది. సొంతంగా ప్రతులు తీసి ఉంచుకొన్నవారికి కొంత మిగిలింది. మిగిలినవారికి జ్ఞాపకం మిగిలింది.

పెట్టె లోపలి పనితనం

ఈ కొత్త అమరిక మూడు పాత ఆలోచనల కలయిక. మొదటిది వేలిముద్ర. ఏ దస్త్రాన్నయినా ఒక లెక్క ప్రకారం నూరితే 256 బిట్ల సంఖ్య ఒకటి వస్తుంది. దీనిని హాష్ అంటారు. దస్త్రంలో ఒక్క అక్షరం మారినా ఆ సంఖ్య పూర్తిగా మారిపోతుంది. సాధారణంగా కంప్యూటర్‌ను ‘ఫలానా ఊరిలో, ఫలానా ఇంటిలో ఉన్న దస్త్రం తెమ్మని’ అడుగుతారు. ఈ పద్ధతిలో ‘ఫలానా వేలిముద్ర గల దస్త్రం ఎక్కడ ఉన్నా తెమ్మని’ అడుగుతారు. తెచ్చి ఇచ్చినవాడు మిత్రుడా, అపరిచితుడా అన్న ప్రశ్న లేదు. వచ్చినదానికి మళ్లీ ముద్ర వేసి చూస్తే నిజమో కల్తీయో తెలిసిపోతుంది. 2015 నుండి ప్రచారంలోకి వచ్చిన ఐపీఎఫ్‌ఎస్ అనే అమరికకు ఇదే పునాది.

రెండవది తాళం. అమెరికా ప్రమాణ సంస్థ 2001లో ఆమోదించిన ఏఈఎస్ అనే గుప్తీకరణ పద్ధతిని రూపొందించినవారు ఇద్దరు బెల్జియం శాస్త్రజ్ఞులు. ఈ పద్ధతి బహిరంగం. రహస్యమంతా తాళంచెవిలోనే ఉంటుంది. ఆ తాళంచెవి 256 బిట్ల సంఖ్య అయినప్పుడు, ఒక్కొక్క సంఖ్యనూ ప్రయత్నించి తెరవడం ఏ యంత్రానికీ సాధ్యం కాదు.

మూడవది పంపకం. తాహో అనే ఫైల్ సిస్టమ్‌లో 2007 ప్రాంతం నుండి అమలులో ఉన్న పద్ధతి దీనికి మంచి ఉదాహరణ. 30 మెగాబైట్ల దస్త్రాన్ని ముందుగా గుప్తీకరించి, ఆ తరువాత ఒక బీజగణిత సూత్రం ప్రకారం ఒక్కొక్కటి 10 మెగాబైట్లు ఉండే పది వాటాలుగా చేస్తారు. ఆ పదింటిలో ఏ మూడు దొరికినా మొత్తం దస్త్రం తిరిగి వస్తుంది. ఏడు యంత్రాలు కాలిపోయినా, మునిగిపోయినా నష్టం లేదు.

ఈ లెక్కలోని బలాన్ని పాఠకులు కాగితం మీద సరిచూసుకోవచ్చు. ఒక్కొక్క యంత్రం అవసరమైన రోజున పనిచేసే అవకాశం నూటికి తొంభై అనుకొందాం. దస్త్రానికి మూడు పూర్తి ప్రతులు మూడు యంత్రాలలో ఉంచితే, మూడూ ఒకేసారి అందకపోయే అవకాశం వెయ్యింటికి ఒకటి. దాదాపు అంతే స్థలం ఖర్చుపెట్టి పది వాటాలుగా పంచితే, మూడు వాటాలు కూడా దొరకని అవకాశం సుమారు 27 లక్షలకు ఒకటి. అయితే ఈ లెక్కకు ఒక షరతు ఉన్నది. ఒక యంత్రం చెడటానికీ మరొకటి చెడటానికీ సంబంధం ఉండరాదు. పది యంత్రాలూ ఒకే భవనంలో ఉంటే 27 లక్షలు అన్న అంకెకు అర్థమే లేదు. 2012లో కాల్గరీ భవనం చెప్పిన నీతి ఇదే: అంకెల బలం యంత్రాల సంఖ్యలో కాక, వాటి మధ్య దూరంలో ఉన్నది.

బ్రౌజర్‌లోనే ఎందుకు?

ఈ విద్య ఇంతకాలం నిపుణుల సొత్తుగా మిగిలిపోవడానికి కారణం దాని కష్టమే. ప్రత్యేకమైన ప్రోగ్రామును దింపుకొని, అమర్చుకొని, నడుపుకొనే ఓపిక గుంటూరులోని అమ్మమ్మకు గాని, కాల్గరీలోని సంఘ కోశాధికారికి గాని ఉండదు. బ్రౌజర్ మాత్రం అందరి ఇంటిలోనూ, అందరి ఫోనులోనూ ముందే ఉన్నది.

ఆ బ్రౌజర్‌కు గత దశాబ్దంలో రెండు కొత్త శక్తులు వచ్చాయి. 2017 జనవరిలో ప్రమాణంగా ఆమోదం పొందిన వెబ్ క్రిప్టో వలన గుప్తీకరణ పనిని బ్రౌజర్ తానే చేస్తుంది. తాళంచెవిని వాడుకోవడానికి వీలిస్తూనే, దాని అంకెలను వెబ్ పేజీలోని ప్రోగ్రాముకు కూడా చూపకుండా దాచగలదు. 2019 డిసెంబరులో ప్రమాణమైన వెబ్ అసెంబ్లీ వలన రస్ట్ వంటి భాషలలో రాసిన పెద్ద ప్రోగ్రాములు బ్రౌజర్‌లో వేగంగా నడుస్తాయి. ఈ రెండింటి ఆసరాతో ఒక ‘లైబ్రరీ’ని వెబ్ పేజీకి జోడించవచ్చు. ఇక్కడ లైబ్రరీ అంటే పుస్తకశాల కాదు. ఎవరైనా తమ పనిలో వాడుకోవడానికి సిద్ధంగా అల్లి పెట్టిన ప్రోగ్రాముల కట్ట.

అటువంటి కట్టలలో ఒకటి కాల్గరీకి పడమర కొండల అవతల, వాంకూవర్ నగరంలో పుట్టింది. ఫిషన్ అనే చిన్న సంస్థ రూపొందించిన డబ్ల్యూఎన్‌ఎఫ్‌ఎస్ అనే ఈ లైబ్రరీ దస్త్రాలనే కాక వాటి పేర్లనూ, ఏ సంచిలో ఏది ఉన్నదన్న అమరికనూ కూడా గుప్తీకరిస్తుంది. పెట్టెను మోస్తున్నవాడికి లోపల ఉన్నది పద్దుల పుస్తకమో పాటల పుస్తకమో తెలియదు. దీనిలో మరొక చక్కని ఏర్పాటు ఉన్నది. తాళంచెవులు ఒకవైపే తిరిగే పళ్ల చక్రంవలె తయారవుతాయి. ఒక కొత్త సభ్యునికి ఈనాటి తాళంచెవి ఇస్తే ఈనాటి ప్రతినీ, ఇకపై వచ్చే మార్పులనూ అతడు చూడగలడు. అంతకు ముందటి పాత ప్రతులను చూడలేడు.

2024లో ఆ సంస్థ తన కార్యకలాపాలను ముగించింది. అయినా లైబ్రరీ మూల ప్రోగ్రాము, దాని పనితీరును వివరించే పత్రం అందరికీ తెరిచే ఉన్నాయి గనుక, తెలిసినవారు ఎవరైనా దానిని కొనసాగించవచ్చు. యాహూ గ్రూపుల అస్తమయానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. యజమాని వెళ్లిపోయినా ఇంటి నమూనా మిగిలింది. ఏ సంఘమైనా ఒక లైబ్రరీని ఎంచుకొనే ముందు అడగవలసిన మొదటి ప్రశ్న అది ఎంత వేగంగా పనిచేస్తుందని కాదు. తయారుచేసినవారు లేకపోయిన రోజున దస్త్రాలు తెరుచుకొంటాయా అని.

పెద్ద సంస్థకు అప్పగిస్తే చాలదా?

ఇంత శ్రమ ఎందుకు, పేరున్న సంస్థ సర్వర్‌లో పెడితే పోదా అని అడిగేవారున్నారు. ఆ ప్రశ్న తీసివేయదగినది కాదు. 2023 డిసెంబరులో అమెజాన్ సంస్థ తన సర్వర్ కేంద్రాలను కాల్గరీలోనే ప్రారంభించింది. యంత్రాలను రాత్రింబవళ్లు కనిపెట్టి చూడటంలో అటువంటి సంస్థలతో ఏ సంఘమూ పోటీ పడలేదు. కాని యంత్రం ఏ ఊరిలో ఉన్నదన్నది ఒక ప్రశ్న, ఎవరి అదుపులో ఉన్నదన్నది మరొక ప్రశ్న. అమెరికా 2018లో చేసిన క్లౌడ్ చట్టం ప్రకారం, ఆ దేశపు సంస్థలు తమ అదుపులోని సమాచారాన్ని, అది ఏ దేశంలో ఉన్నప్పటికీ, న్యాయబద్ధమైన ఉత్తరువు మేరకు అప్పగించవలసి రావచ్చు. తాళంచెవి సంస్థ దగ్గర ఉంటే లోపలి వస్తువూ ఇవ్వగలదు. తాళంచెవి ఇంటివారి దగ్గరే ఉంటే ఇవ్వగలిగినది తాళం వేసిన పెట్టె మాత్రమే.

కనుక పెద్ద సంస్థలను వెలివేయనక్కరలేదు. వాటి గోదాములను అద్దెకు తీసుకోవచ్చు. పది వాటాలలో రెండో మూడో అక్కడ ఉంచవచ్చు. పెట్టెకు తాళం మాత్రం ఇంటిలో వేసి పంపాలి. బ్రౌజర్‌లోనే గుప్తీకరణ జరగడంలోని ప్రయోజనమంతా ఇదే.

దాచుకోదగిన రహస్యాలు సంఘానికి ఏమున్నాయని మరికొందరు అంటారు. ఒక తెలుగు సంఘం కాగితాల కట్ట విప్పి చూస్తే జవాబు దొరుకుతుంది. సభ్యుల ఇంటి చిరునామాలు, ఫోన్లు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, చందాల వివరాలు అందులో ఉంటాయి. ఆపదలో ఉన్న విద్యార్థి కొరకు నిధి కూడబెట్టినప్పుడు చేతులు మారిన వైద్యుల నివేదికలు, పాస్‌పోర్టు ప్రతులు ఉంటాయి. తమ పెద్దలు నమ్మి చెప్పిన జీవిత కథల ధ్వనిముద్రణలు ఉంటాయి. ఇవి చాలాచోట్ల ఎవరో ఒక కార్యకర్త సొంత ఖాతాలో ఉంటాయి. ఆయన పదవీకాలం ముగుస్తుంది, లేక చమురు ధర పడిపోయి ఉద్యోగం వెతుక్కొంటూ హ్యూస్టన్‌కు తరలిపోతాడు. సంఘం జ్ఞాపకశక్తి ఆయన సంకేతపదంతో పాటే ప్రయాణమైపోతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ ఉండదు. ఉన్నది ఏర్పాటు లేకపోవడమే.

దాచరాని లోపాలు

ఈ విద్యను మెచ్చుకొనేవారు దాని లోపాలను కూడా చెప్పడం ధర్మం. అన్నింటికన్న పెద్దది, గుప్తీకరించే ప్రోగ్రాము స్వయంగా ఒక సర్వర్ నుండి ప్రతిసారీ బ్రౌజర్‌లోకి రావడం. తాళాలు చేసే కమ్మరి ప్రతి ఉదయం వచ్చి కొత్త తాళం బిగించి పోతున్నట్లు ఉంటుంది ఇది. కమ్మరి ఒకనాడు లోభించినా, అతడి వేషంలో మరొకడు వచ్చినా, ఇంటివారికి తెలియదు. ప్రోగ్రాముకు కూడా వేలిముద్ర వేసి ప్రకటించడం, సరిచూసిన ప్రతిని సొంత యంత్రంలో దింపి ఉంచుకోవడం వంటి జాగ్రత్తలు ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయే గాని పూర్తిగా తొలగించవు. ప్రాణాపాయం ఉన్న రహస్యాలను బ్రౌజర్‌కు అప్పగించడం వివేకం కాదు.

రెండవది బ్రౌజర్ మరపు. స్థలం చాలనప్పుడు బ్రౌజర్లు వెబ్ పేజీలు దాచుకొన్న సమాచారాన్ని తొలగించవచ్చు. ఆపిల్ సంస్థ 2020లో సఫారీ బ్రౌజర్‌కు ఒక నియమం పెట్టింది. ఏడు రోజులు బ్రౌజర్‌ను వాడుతూ, ఒక సైటును మాత్రం ముట్టుకోకపోతే, ఆ సైటు ప్రోగ్రాము దాచుకొన్నదంతా తుడిచిపెడుతుంది. వాణిజ్య సంస్థలు వాడకందారుల వెంటపడకుండా చేయడానికి పెట్టిన మంచి నియమమే అది. అయితే నెలకొకసారి పద్దులు చూసే కోశాధికారి తాళంచెవి బ్రౌజర్‌లో మాత్రమే ఉంటే, రెండవ నెలకు అది ఉండదు. బ్రౌజర్ తలుపే గాని కొట్టు కాదు.

మూడవది, పేజీ మూసిన వెంటనే బ్రౌజర్ నిద్రపోతుంది. ఇతరులు అడిగినప్పుడు దస్త్రం అందించాలంటే ఎక్కడో కొన్ని యంత్రాలు ఎల్లప్పుడూ మేలుకొని ఉండాలి. నాలుగవది, గుప్తీకరణ ఉత్తరాన్ని దాస్తుంది గాని తపాలా ముద్రను దాచదు. ఎవరు, ఎప్పుడు, ఎంత బరువున్న పెట్టె పంపారన్నది మోసేవాడికి తెలుస్తూనే ఉంటుంది. చివరిది, ఒకసారి చూపినదాన్ని తిరిగి చూడనట్లు చేయడం ఏ గణితానికీ సాధ్యం కాదు. సభ్యత్వం వదిలిన వ్యక్తికి రాబోయే మార్పులు అందకుండా కొత్త తాళం వేయవచ్చు. అతడు ముందే తీసుకొన్న ప్రతిని వెనక్కు రప్పించలేరు.

ఒక తాళంచెవి, ఐదుగురు సంరక్షకులు

ఇవన్నీ ఒక ఎత్తు, తాళంచెవి పోవడం ఒక ఎత్తు. బ్యాంకులోనైతే గుర్తింపు కార్డు చూపితే కొత్త తాళంచెవి ఇస్తారు. ఇక్కడ ‘సంకేతపదం మరచితిని’ అన్న మీట ఉండదు. ఉన్నట్లయితే ఆ మీట నొక్కగలిగిన ప్రతివాడూ పెట్టె తెరవగలడు. తాళంచెవి ఒక్కరి దగ్గరే ఉంటే వారి ఆయుష్షే దస్త్రాల ఆయుష్షు. పదిమందికీ పూర్తి ప్రతులు ఇస్తే పదింటిలో ఏ ఒక్కటి జారినా రహస్యం జారుతుంది.

దీనికి విరుగుడు 1979లో ఆది షమీర్ అనే ఇజ్రాయెల్ శాస్త్రజ్ఞుడు చూపాడు. ఒక పరావలయాన్ని గీయడానికి దాని మీది మూడు చుక్కలు తెలియాలి. రెండు చుక్కలే తెలిస్తే వాటి గుండా లెక్కలేనన్ని పరావలయాలు పోతాయి. తాళంచెవిని ఆ వక్రరేఖ నిలువు గీతను తాకే చోట దాచి, రేఖ మీది ఐదు చుక్కలను ఐదుగురికి పంచితే, ఏ ముగ్గురు కలిసినా తాళంచెవి తిరిగి వస్తుంది. ఇద్దరు కలిసినా వారికి ఏమీ తెలియదు. ఇటువంటి పంపకాలకూ, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణ రావు (1920–2023) 1940లలో ప్రయోగాల రూపకల్పన కొరకు కనిపెట్టిన ఆర్థోగొనల్ అరే అనే సంఖ్యా పట్టికలకూ దగ్గరి బంధుత్వం ఉన్నదని తరువాతి గణితజ్ఞులు నిరూపించారు. ఆలయ హుండీని ఒక్కరే తెరవరాదన్న పాత నియమంలోని వివేకమే ఈ గణితంలోనూ కనిపిస్తుంది.

కాల్గరీ సంఘానికి ఈ సూత్రం ఇలా వర్తిస్తుంది. ఐదు వాటాలలో రెండు అప్పటి కార్యవర్గంలో ఇద్దరి దగ్గర, ఒకటి పదవీ విరమణ చేసిన ఒక పెద్ద దగ్గర ఉండవచ్చు. ఒకటి మూడువందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఎడ్మంటన్ సంఘంలో నమ్మకస్తుని దగ్గర, మరొకటి హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో ఉంచవచ్చు. బో నది మళ్లీ పొంగినా అన్నీ ఒకేసారి మునగవు. కార్యవర్గం మారిన ప్రతిసారీ పాత వాటాలను రద్దుచేసి, పెట్టెకు కొత్త తాళం వేసి, కొత్త వాటాలు పంచాలి. ఈ నియమం సంఘం నిబంధనావళిలో పద్దుల తనిఖీ పక్కనే చోటు చేసుకోవాలి. గణితం పెట్టెను కాపాడుతుంది. గణితాన్ని కాపాడవలసినది మనుషుల క్రమశిక్షణ.

దాచవలసినది కొంత, పంచవలసినది అంత

తాళం చేతికి వచ్చినవాడికి అన్నింటికీ తాళం వేయాలనిపిస్తుంది. ఇది మరొక ప్రమాదం. సంఘం వద్ద ఉన్నదంతా రహస్యం కాదు. వార్షిక సంచికలు, నాటకాల ఫొటోలు, ప్రచురించిన కవితలు, తొలి తరంవారు సమ్మతితో చెప్పిన జ్ఞాపకాలు అందరి సొత్తు. వీటికి తాళం వేస్తే తాళ్లపాక అర కథ పునరావృతమవుతుంది. రేకులు భద్రంగా ఉంటాయి, పాట వినిపించదు. వీటి విషయంలో బ్రౌను మార్గమే మేలు: వేలిముద్ర వేసి, గుప్తీకరించకుండా, వీలైనన్ని యంత్రాలలో ప్రతులు పంచి ఉంచడం. సభ్యుల పట్టికలకూ, వైద్యపత్రాలకూ తాళం అవసరం. పాటలకూ కథలకూ ప్రతులు అవసరం. ఏది ఏ వరుసలోకి చేరాలో ఏ లైబ్రరీ నిర్ణయించలేదు. అది సర్వసభ్య సమావేశంలో కూర్చొని తేల్చుకోవలసిన పని.

నిజానికి కాగితం మీద అచ్చయ్యే వార్షిక సంచికయే ఒక పాత పంపిణీ అమరిక. ఇంటింటా ఒక ప్రతి ఉంటుంది. ఒక ఇంటిలో పోయినా మరొక ఇంటిలో దొరుకుతుంది. ఈ పాతదానికీ ఆ కొత్తదానికీ ముడి వేసే సులభమైన ఉపాయం ఒకటి ఉన్నది. బహిరంగ దస్త్రాలన్నింటి వేలిముద్రలను కలిపి మళ్లీ ఒకే వేలిముద్రగా చేయవచ్చు. దాని పొడవు 64 అక్షరాలు, అచ్చులో ఒక్క పంక్తి. ఆ పంక్తిని ఏటేటా సంచిక చివరి పుటలో అచ్చువేస్తే, యాభై ఏళ్ల తరువాత ఎవరి మనుమరాలో అటక మీద ఆ సంచిక దొరికినప్పుడు, తన చేతికి వచ్చిన దస్త్రాలు నాటివేనా, ఎవరైనా మార్చారా అని తానే తేల్చుకోగలదు. ఎవరి మాటనూ నమ్మవలసిన పని ఉండదు.

ఇక తాళం వేసిన పెట్టె సంగతి. తెరిచి చూడని పెట్టె ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు. ప్రతి ఉగాదికి పంచాంగ శ్రవణం ముగిసిన తరువాత, సంరక్షకులలో ఏ ముగ్గురైనా తమ వాటాలను కలిపి, పెట్టె తెరిచి, ఒక్క దస్త్రాన్ని వెలికితీసి చూసి, తిరిగి తాళం వేసే ఆనవాయితీ పెట్టుకోవడం మంచిది. పది నిమిషాల పని అది. ఆ పది నిమిషాలూ పిల్లలు చూస్తూ ఉండాలి. పెట్టె ఎక్కడున్నదో, దానిని ఎలా తెరుస్తారో తెలిసినవారు తరానికి కొందరైనా ఉంటే, రాగిరేకులకు పట్టిన గతి ఈ దస్త్రాలకు పట్టదు.